ముందు సీటు

"పాపా, మీ తాతతో చెప్పు. నానమ్మ ఇంక వెనకే కూర్చుంటుందట."

ఆ మాట అనేసి అత్తగారు చేతిసంచీని లోపలికి విసిరి, దాని వెనకే తనూ వ్యాను చివరి సీట్లోకి ఎక్కేసింది. కిటికీ వైపు మొహం తిప్పుకుంది. గొడుగు ఒళ్ళో పెట్టుకున్నానన్న ధ్యాస కూడా లేదు ఆవిడకి.

తాత, అంటే మామగారు, అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. భార్య అన్నది ఆయన చెవిన పడకపోవడానికి వీల్లేదు. అయినా ఏడేళ్ళ పాప తన పని తను చేసింది.

"తాతా, నానమ్మ ఇంక వెనకే కూర్చుంటుందట."

"విన్నాను. ముందు సీటు ఖాళీగా ఉన్నా బండి నడుస్తుందని చెప్పు."

"నానమ్మా, ముందు సీటు ఖాళీగా ఉన్నా..."

"నాకూ చెవులున్నాయిలే" అంది అత్తగారు.

పొద్దున్న ఆరింటికి మొదలైన గొడవ ఇది. ఇప్పుడు పదిన్నర. కుదుర్చుకున్న డ్రైవరు రాలేదు. జ్వరమని ఫోను చేశాడని చెప్పి మామగారే తాళంచెవి తీసుకున్నాడు. అప్పుడు వంటింటి తలుపు వేసుకుని భార్యాభర్తలు ఏవో నాలుగు మాటలు అనుకున్నారు. తలుపు తీసేసరికి అత్తగారి నోరు మూతపడి ఉంది. మొదటి మజిలీ అయిన పాత రైలింజన్ల మ్యూజియం దాకా ముందు సీట్లో కూర్చుందన్న మాటేగాని పెదవి విప్పలేదు. మ్యూజియం దగ్గర దిగనూ లేదు. ఇప్పుడు ఏకంగా సీటే మార్చేసింది.

మామూలుగా ఆ సీట్లో కూర్చుంటే ఆవిడ నోటికి తాళం ఉండదు. అదిగో సైకిలు, అక్కడ గుంట, ఆ లారీవాడు మన పక్కకి వస్తున్నాడు, ఆ పిల్ల రోడ్డు దాటుతోంది, ఎర్రదీపం పడింది. వినేవాళ్ళ తల ప్రాణం తోకకొచ్చేది. అందుకే కొడుకు ఆవిడకి రేడియో అని పేరు పెట్టాడు.

"ఎన్నాళ్ళకి రేడియో ఆగిందిరా బాబూ" అన్నాడు ఆ కొడుకు, మధ్య సీట్లో పాపని దగ్గరికి లాక్కుంటూ. "ఈ ప్రయాణంలో చూడదగ్గ వింత ఇదే. ఆ ఇంజన్లన్నీ దీని ముందు దిగదుడుపు."

పాప నవ్వింది. మామగారు కూడా ముసిముసిగా నవ్వాడు. పాప తల్లి అయిన కోడలికి మాత్రం నవ్వు రాలేదు. ఆ బండిలో ఉన్న అయిదుగురిలో నడిపే మనిషికే ఎదురుగా ఉన్నది కనపడదని ఆమెకి తెలుసు. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని అనుకుంటోంది.

ఆమెది కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం. నాలుగు నెలల క్రితం, లైసెన్సు పొడిగించుకోవడానికి సర్టిఫికెట్టు కావాలని మామగారు అక్కడికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, గోడమీది అట్టలో అక్షరాలన్నీ పైనుంచి కిందికి గడగడా చదివేశాడు. ఒక్క తప్పు లేదు. చిక్కల్లా ఏమిటంటే ఆయన చదివింది పాత అట్ట. దాన్ని తీసేసి వేరే అక్షరాల అట్ట తగిలించి అప్పటికి మూడు రోజులైంది.

దానికి ముందు నెలంతా ఆయన మధ్యాహ్నం పూట కోడలికి క్యారియరు పట్టుకొచ్చి, ఆమె తినేదాకా ఆ గదిలోనే కూర్చునేవాడు. కోడలంటే ఎంత ప్రేమో అని నర్సులు చెప్పుకునేవాళ్ళు. ప్రేమ అబద్ధం కాదు. ఆమె చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆయన అట్టకి మొహం ఆనించి ఒక్కో వరసా బట్టీ పట్టాడన్నదీ అబద్ధం కాదు.

రెండు కళ్ళలోనూ మధ్యన మచ్చ అన్నాడు డాక్టరు. పక్కలు కనపడతాయి. ఎటు చూస్తే అటు, సరిగ్గా చూసినచోటే బూడిదరంగు. మందు వేస్తే ముదరకుండా ఆగుతుందేమోగాని పోయిన చూపు తిరిగి రాదు.

"అబ్బాయికి నేనే చెప్పుకుంటానమ్మా. నువ్వు చెప్పకు. ఈలోపల బండి ముట్టుకోను" అని మామగారు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు యాత్రికుల బస్సు నడిపిన మనిషి. ఆమె కాదనలేకపోయింది. ఆయనా మాట నిలబెట్టుకున్నాడు, నడుం నొప్పి అని అందరికీ చెప్పి నాలుగు నెలలు బండి జోలికి పోలేదు. కొడుకుతో మాత్రం అసలు సంగతి చెప్పలేదు.

పొద్దున్న ఆయన తాళంచెవి అందుకున్నప్పుడు ఆమె నోరు తెరవబోయింది. పాప కొత్త వానకోటు వేసుకుని గేటు దగ్గర గెంతుతోంది. ఎండగా ఉంది, మామగారికి కొట్టినపిండి అయిన రోడ్డు, పైగా పక్కన అత్తగారు ఉంటుంది, ఆవిడ వాగుడే ఆయనకి దారి చూపిస్తుంది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ వాగుడు ఆగిపోయింది. ఎండ కూడా పోయింది. పడమటి కొండలమీద మబ్బు నల్లగా దిగుతోంది.

"నేను ముందు కూర్చోనా మామయ్యా?"

"నువ్వు పాప దగ్గరుండు. మలుపుల్లో దానికి కళ్ళు తిరుగుతాయి" అన్నాడాయన. ఆయన చూపు అద్దంలో ఆమె భుజం పక్కగా ఎక్కడో ఆగింది.

బండి కదిలింది.

కొడుకు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. పన్నెండేళ్ళుగా అదే పని. కాగితం మీదే కాదు, గోడమీద, బస్సుమీద, పెళ్ళి శుభలేఖమీద, ఎక్కడ అక్షరం కనపడినా తప్పు పట్టందే వదలడు. కారు నడపడం రాదు. పద్దెనిమిదో ఏట తండ్రి నేర్పబోయి, మూడో రోజుకే ఇద్దరూ గొంతులు చించుకుని విరమించారు. కోడలికి పెళ్ళికి ముందే లైసెన్సు ఉంది. వాళ్ళ నాన్నగారి చిన్న కారు నడిపేది. ఈ ఇంట్లో స్టీరింగు ఒక్కరిదే కాబట్టి దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు.

"అదిగో, వస్తోంది బోర్డు" అన్నాడు మామగారు, పాత రోజుల్లో బస్సులో చెప్పిన గొంతుతోనే. "జలపాతం నాలుగు కిలోమీటర్లు. కుడిచేతివైపు కూర్చున్నవాళ్ళు అదృష్టవంతులు."

బోర్డు దగ్గరికి వచ్చింది. కొడుకు కిటికీకి అతుక్కుపోయాడు.

"నాలుగు కిలోమీటర్లు ఎక్కడుంది నాన్నా? జలపాతం దారి మూసివేయబడింది అని ఉంటేనూ. కొత్త బోర్డు అది. అందులోనూ మూసివేయబడింది అనకపోతే మూసేశాం అని ఏడవచ్చుగా."

మామగారు గేరు మార్చాడు.

"నేను చెప్పింది దాని వెనకాల బోర్డు."

"దాని వెనకాల కరెంటు స్తంభం ఉంది."

"ఉంటే ఉంది. ముప్ఫై ఏళ్ళు తిరిగిన రోడ్డు, నువ్వు నాకు చెబుతావా?"

"నేను చెప్పట్లేదు, బోర్డు చెబుతోంది."

"ఒరేయ్, నువ్వు అచ్చులూ హల్లులూ చూసుకో. రోడ్డు నేను చూసుకుంటాను."

మా నాన్న మొండితనం నీకు తెలిసిందేగా అన్నట్టు కొడుకు భార్య వైపు తిరిగి కన్ను గీటాడు. అక్షరం మీద ఈగ వాలినా కనిపెట్టేవాడికి ఇంత పెద్ద సంగతి కనపడలేదు. కోడలు తలొంచుకుంది.

వాన మొదలైంది. మొదట చినుకులు, ఆ తరవాత జల్లు. ముందు అద్దం మీద తుడుపులు టపటపా కొట్టుకోసాగాయి. రోడ్డు అంచున తెల్లగీత ఉన్నంతసేపు మామగారు దాన్ని పట్టుకుని నడుపుతున్నాడని కోడలు కనిపెట్టింది. ఆయన తల కొంచెం పక్కకి వాల్చి ఉంచుతున్నాడు. తడికి ఆ గీత మసకబారుతోంది.

గొడుగు వేసుకుని సైకిలు తొక్కుతున్న మనిషి ఒకడు రోడ్డుకి నడిమధ్యన పోతున్నాడు. నల్ల గొడుగు, నల్ల కోటు. బండి తగ్గలేదు.

"సైకిలు!" కోడలు అరిచింది.

బ్రేకు పడింది. పాప ముందు సీటుకి గుద్దుకుని కెవ్వుమంది. సైకిలు మనిషి వెనక్కి తిరిగి తిట్ల దండకం అందుకున్నాడు. చివరి సీటు నుంచి మాట కాదు కదా, చిన్న మూలుగు కూడా వినపడలేదు.

"చూశాను. అరవక్కర్లేదు" అన్నాడు మామగారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రెండో మజిలీ జలాశయం. ఆనకట్టకి ఎదురుగా గుట్టమీద కట్టిన చప్టా, దానికి ఇనుప కడ్డీలు, పక్కన రేకుల షెడ్డు. మంచి రోజున అక్కడినుంచి నీళ్ళూ లంకలూ అవతలి గట్టూ కనపడతాయి. ఇవాళ కడ్డీల అవతల తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు. అప్పటికే వచ్చిన పదిమంది యాత్రికులు ఉసూరుమంటూ ఫోనులు జేబుల్లో పెట్టుకుంటున్నారు.

మామగారు వానకోటు బొత్తాలు పెట్టుకుని కడ్డీల దగ్గరికి నడిచాడు. పాప ఆయన వేలు పట్టుకుంది.

"ఎడంచేతివైపు చూడమ్మా. నీళ్ళ మధ్యలో మూడు లంకలు. పెద్దదాన్ని ఏనుగు అంటారు. రెండోదాన్ని గున్న అంటారు. మూడోదానికి పేరు పెట్టేలోపల, పేర్లు పెట్టే ఆఫీసరుకి బదిలీ అయిపోయింది."

ఎవరో నవ్వారు. ఆయన గొంతు పెంచాడు. అవతలి గట్టున పసుపురంగు పంపుల గది ఉందన్నాడు. దాని కప్పుమీద కొంగలు వరసగా కూర్చుంటాయనీ, పంపు వేసినప్పుడల్లా అన్నీ కలిసి లేచి, పంపు ఆగగానే ఎవరి చోట్లో అవి కూర్చుంటాయనీ చెప్పాడు. యాత్రికులు ఒకరొకరే చుట్టూ చేరారు.

"మాకేమీ కనపడట్లేదండీ" అన్నాడు ఒకాయన.

"కనపడితే నాతో పనేముంది మీకు?"

ఈసారి అందరూ నవ్వారు. పాప తలెత్తి చూసింది.

"తాతా, నీకు నిజంగా కనపడుతోందా?"

"కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది" అన్నాడు తాత.

షెడ్డు కింద నిలబడి కోడలు ఇదంతా వింది. ఆ చప్టా మీద ఉన్న జనమందరిలోకీ ఎక్కువ చూడగలిగినవాడు ఆయనే. అది తలచుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, బల్లమీద ఒంటరిగా కూర్చున్న అత్తగారి పక్కకి వెళ్ళింది.

"అత్తయ్యా, మీరు ముందు కూర్చోండి. మీకు దణ్ణం పెడతాను."

"ఎందుకు కూర్చోవాలి?"

"వాన పెరుగుతోంది. పైన కొండదారి. మీరు పక్కన ఉండి ఏదో ఒకటి చెబుతుంటే మామయ్యకి..."

"మామయ్యకి?"

అత్తగారు మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"నీకు తెలుసా?"

"అంటే, మీకూ తెలుసా?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందే! రెండేళ్ళుగా ఆ సీట్లో కూర్చుని గొంతు పోయేలా అరుస్తున్నది సరదాకా? రేడియో అన్నారు, సణుగుడు అన్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను. రోడ్డున పోయేవాడి ప్రాణం కన్నా నా పరువు ఎక్కువేం కాదుగా."

కోడలు ఆవిడ పక్కన బల్లమీద కూర్చుంది. రెండేళ్ళు. ఆసుపత్రిలో ఉద్యోగం తనది. కనిపెట్టింది ఈవిడ.

"మరి ఇవాళెందుకు ఆపేశారు? ఇవాళే కదా కావలసింది?"

"డ్రైవరుకి జ్వరమూ లేదు, గిరమూ లేదు. మీ మామగారే నిన్న ఫోను చేసి రావద్దన్నాడు. పొద్దున్న వంటింట్లో నిలదీస్తే ఒప్పుకున్నాడు. లైసెన్సు ఈ నెలాఖరుతో సరి అట. మనవరాలికి ఈ దారి తనే చూపించాలట, ఇంకోడెవడో చూపించకూడదట." అత్తగారు గొడుగు మడతలు సర్దుతూ మాట్లాడుతోంది. "నేను నోరు మూసుకుంటే భయపడి మొదటి మలుపులోనే ఆపేస్తాడనుకున్నాను. నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఆ మనిషి సంగతి ఆమాత్రం తెలియలేదు నాకు. చూడు, ఆపాడా?"

"అయితే పంతం వదిలేసి ముందుకు రండి."

"వస్తే మళ్ళీ నేను నడిపిస్తున్నట్టే కదా. నా నోటితో ఆ బండి ఇంక నడవదు. నువ్వు చెప్పు మీ ఆయనకి. నేను చెబితే మొగుడి గుట్టు బయటపెట్టినదాన్ని అవుతాను. నువ్వు చెబితే అది ఆసుపత్రి మాట."

"మామయ్యకి మాటిచ్చానత్తయ్యా."

"నేనూ ఇచ్చాను. ఇద్దరం ఇచ్చాం. ఇప్పుడు ఆ మాటలు పట్టుకుని కొండెక్కుదామా?"

కోడలు లేచింది. ముందు మామగారి దగ్గరికే వెళ్ళింది. యాత్రికులు చెదిరిపోయారు. ఆయన వ్యాను పక్కన నిలబడి, చక్రానికి అంటిన బురదని బూటుతో తట్టి రాలుస్తున్నాడు.

"మామయ్యా, తాళంచెవి నాకివ్వండి. నాకు నడపడం వచ్చు."

"ఇంకో పదహారు కిలోమీటర్లమ్మా. కొండమీద విడిదిలో మధ్యాహ్నం భోజనం. దిగేటప్పుడు నువ్వే నడుపుదువుగాని."

"ఇందాక సైకిలుని గుద్దేసేవారు."

"గుద్దలేదుగా. నేను ఈ దారి చూస్తూ నడపట్లేదు, గుర్తుతో నడుపుతున్నాను. ఎక్కడ ఎత్తు, ఎక్కడ గుంట, ఎక్కడ గేరు మార్చాలి, అన్నీ చేతిలో ఉన్నాయి."

"మీ గుర్తులో లేని మనిషి అడ్డమొస్తే?"

ఆయన బూటు ఆగింది. వాన రేకులమీద పడుతున్న చప్పుడొక్కటే వినపడుతోంది.

"అయితే వెళ్ళి చెప్పు" అన్నాడు చివరికి, కోపం లేకుండానే. "వాడు అదిగో ఆ బోర్డు దగ్గరున్నాడు. మీ నాన్న గుడ్డివాడు అని చెప్పు. నువ్వు చెబితే ఇక్కడే తాళంచెవి ఇచ్చేస్తాను. నాకైతే నోరు రావట్లేదు. నాలుగు నెలలుగా ప్రయత్నం చేస్తూనే ఉన్నాను."

ఆమె వాన లెక్కచెయ్యకుండా నడిచింది. ఆమె భర్త మెట్ల దగ్గర బోర్డు ముందు గొడుగు పట్టుకుని నిలబడి, తనలో తనే నవ్వుకుంటున్నాడు.

"ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి."

"ఆగు ఆగు, ముందు ఇది చూడు. చదువు."

"జలాశయంలో ఈతకు దిగరాదు."

"సరిగ్గా చదువు. దిగరాదూ! దీర్ఘం చూడు. వద్దనమంటే పిలుస్తున్నాడు మహానుభావుడు. కాస్త ఈతకు దిగరాదూ, ఇంతదూరం వచ్చారు కదా అని!"

అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. ఆమెకి తెలియకుండానే పెదవులు నవ్వాయి. అతను పాకెట్ పుస్తకం తీసి ఆ తప్పు రాసుకున్నాడు.

"ఇంతకీ ఏమిటో చెప్పబోయావు?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నాలుగు మాటలు చాలు. కాని ఆ నాలుగు మాటల వెనక, నీకెప్పుడు తెలిసింది అని ఇంకో ప్రశ్న నిలబడి ఉంది. దానికి జవాబు కూడా ఆమె చెప్పాలి.

"పాప తడిసిపోతోంది. తొందరగా రండి" అంది.

ఆ తరవాత చాలా రోజులు ఆమె తనని తాను తిట్టుకున్నది ఆ మాటకే.

తిరిగి బయలుదేరేటప్పుడు ఆమె ఎవరినీ అడగకుండా ముందు సీటు ఎక్కి కూర్చుంది. మామగారు ఆమె వైపు తల తిప్పాడు. కొడుకు ఎప్పటిలాగే పాపకి పొడుపుకథ వేస్తున్నాడు. చెప్పలేదని ఆయనకి అర్థమైంది. బండి తీశాడు.

కొండదారి మొదలైంది. కోడలు ఆసుపత్రిలో మాట్లాడినట్టే మాట్లాడసాగింది.

"ముందు లారీ. ముప్ఫై అడుగులు. తగ్గించండి. లారీ పక్కకి తప్పుకుంది. ఎడంపక్క రాయి. ఇంకొంచెం కుడికి. చాలు."

వెనకనుంచి భర్త పకపకా నవ్వాడు. "అత్తా కోడళ్ళు ఇద్దరిదీ ఒకే జబ్బా? ఇదేమన్నా అంటురోగమా? నాన్నా, మీ మొహాన ఎప్పుడూ ఒక రేడియో రాసిపెట్టి ఉన్నట్టుంది."

ఎవరూ నవ్వలేదు. అతను తల్లి వైపు తిరిగాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, ముందున్న సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"అమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు. నువ్వు పాపని పట్టుకో."

ఆరో మలుపు దాటాక వాన కుండపోత అయింది. తుడుపులు ఎంత కొట్టుకున్నా అద్దం మీద నీళ్ళ తెర తొలగట్లేదు. కోడలు ముందుకి వంగింది. ఇప్పుడు ఆమెకీ ఏమీ కనపడట్లేదు. చెప్పడానికేమీ లేక ఆగిపోయింది.

"చెప్పమ్మా" అన్నాడు మామగారు మెల్లగా.

"కనపడట్లేదు మామయ్యా."

ధన్‌మని బండి ముందుభాగం మీద ఎవరో చేత్తో చరిచారు.

బ్రేకు. బండి జారి, అడ్డంగా కొంచెం తిరిగి ఆగింది. ముందు అద్దానికి జానెడు దూరంలో పసుపు కోటు, ఎర్రజెండా. రోడ్డు పనివాడు. అతను పక్కకి వచ్చి కిటికీ మీద కొట్టాడు. మామగారు అద్దం దించాడు.

"పైన బండలు పడ్డాయి, ఒక్కో వైపే వదులుతున్నాం అని జెండా ఊపుతుంటే మీదికే వస్తారేం? కనపడట్లేదా?"

"కనపడలేదు నాయనా" అన్నాడు మామగారు.

"వానలో ఎవరికి కనపడుతుంది నాన్నా" అని వెనకనుంచి కొడుకు అందుకున్నాడు. "ఏమయ్యా, ఇంత వానలో..."

"వాన పడకముందు కూడా కనపడలేదురా."

మామగారు ఇంజను ఆపాడు. స్టీరింగు మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు ఎదురుగా ఉన్నది కనపడదు. పక్కలు కనపడతాయి. రెండేళ్ళయింది. నీ మొహం కూడా సరిగ్గా కనపడదు, గొంతుని బట్టి పోల్చుకుంటున్నాను. ఇదిగో ఈ అబ్బాయిని ఇప్పుడు చంపేసేవాణ్ణి."

కొడుకు ముందుకి వంగాడు. తండ్రి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఆశ్చర్యపోవట్లేదు. అతను మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నాలుగు నెలల నుంచి. మా ఆసుపత్రిలోనే తెలిసింది."

"నాలుగు నెలలు." అతను ఆ మాటని ప్రూఫులో తప్పుని చదివినట్టు విడివిడిగా పలికాడు. "నాన్న దాచాడంటే అర్థముంది, ఆయన బస్సు, ఆయన బాధ. అమ్మ దాచిందంటే అర్థముంది. నువ్వెందుకు దాచావు? నీ పనే అది కదా."

"మామయ్య తనే చెబుతానన్నారు. మాటిచ్చాను. ఇందాక బోర్డు దగ్గర చెబుదామనే వచ్చాను..."

"చెప్పలేదుగా."

"చెప్పలేదు."

"పొద్దున్న పాపని ఈ బండిలోకి ఎత్తి కూర్చోబెట్టింది ఎవరు?"

"నేనే" అంది ఆమె.

జెండా మనిషి వానలో నిలబడి ఒకరి తరవాత ఒకరి మొహాలు చూశాడు. ఈ ఇంటి గొడవ అతనికి అక్కర్లేదు. "చూడండి, మలుపులో ఆపడానికి వీల్లేదు. ఇప్పుడు పైకి వెళ్ళే వంతు. వెనక బండ్లు వచ్చేస్తున్నాయి. కిందికి తిప్పుకునే చోటు లేదిక్కడ. ఎవరు నడుపుతారో చూసుకుని తియ్యండి."

మామగారు తలుపు తీసుకుని దిగాడు. చేత్తో బండిని తడుముకుంటూ చుట్టూ తిరిగి వెనకకి వచ్చి, భార్య పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ బండిలో ఆయన వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. అత్తగారు తన తుండుగుడ్డ తీసి ఆయన తల తుడిచింది.

"నువ్వు జరుగమ్మా" అన్నాడు ఆయన కోడలితో. "బ్రేకు కొంచెం లోతుగా ఉంటుంది, గట్టిగా తొక్కాలి."

కోడలు డ్రైవరు సీట్లోకి జరిగింది. సీటు ఆమెకి దూరంగా ఉంది. దాన్ని ముందుకి లాక్కుంటుండగా వెనక పక్క తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆమె భర్త పాపని ఎత్తుకుని రోడ్డుమీదికి దిగాడు. పాప వానకోటు టోపీ సర్ది, గొడుగు విప్పాడు.

"నాన్నా, మనం ఎక్కడికి?" అంది పాప.

"ఇక్కడికే." అతను జెండా మనిషిని అడిగాడు. "మీ షెడ్డులో కాసేపు కూర్చోవచ్చా?"

"కూర్చోవచ్చు. మలుపు కిందే. కాని మీ బండి పైకి వెళ్ళిపోతుందే. మళ్ళీ కిందికి వదిలేసరికి ఎంతసేపవుతుందో చెప్పలేం."

"ఫరవాలేదు."

కోడలు అద్దం దించింది. వాన మొహం మీద కొట్టింది. "ఎక్కండి. ఇప్పుడు నేనే కదా నడిపేది. నాకు కనపడుతుంది."

అతను కిటికీ దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు. పాప అతని భుజం మీద తల పెట్టుకుని ఉంది.

"నాన్నకి కనపడక నడిపాడు. నువ్వు కనపడి కూడా కూర్చున్నావు. పాపని మీ ఇద్దరిలో ఎవరి బండీ ఎక్కించను."

వెనక హారను మోగింది. దాని వెనక ఇంకోటి. జెండా మనిషి ఎర్రది దించి పచ్చది ఎత్తాడు.

"తియ్యండమ్మా, తియ్యండి!"

ఆమె ఇంజను వేసింది. గొడుగు కింద తండ్రీకూతుళ్ళు మలుపు దిగి పోతున్నారు. హారన్లు ఆగట్లేదు. మొదటి గేరు వేసి, బ్రేకు మీదినుంచి కాలు తీసి, ఆమె బండిని పైకి ఎక్కించింది.